మావా అన్నందుకు గది పోయింది

మా ఆయన్ని నేను మావా అని పిలుస్తాను. పెళ్ళయ్యాక మొదలుపెట్టిన పిలుపు కాదు, నాకు మాటలు వచ్చినప్పటి నుంచీ అదే పిలుపు. ఆయన మా అమ్మకు స్వయానా తమ్ముడు. శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే పనికి ఖరగ్‌పూర్ వచ్చి ఇక్కడే ఉండిపోయిన మా ఇళ్ళలో ఇదేం వింత కాదు. అక్కకి కూతురుండగా తమ్ముడికి బయట పిల్లని వెతికితే, ఆ ఇంట్లో ఏదో గొడవుందని చెప్పుకునేవారు. ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో మేం పెరిగిన వీధిలో నాలాంటి వాళ్ళు చాలామందే ఉండేవారు. నేను అత్తవారింటికి వెళ్ళడమంటే మా సందు దాటి అమ్మమ్మ క్వార్టర్‌కి వెళ్ళడమే. అప్పగింతలప్పుడు ఏడుద్దామని ఎంత ప్రయత్నించినా ఏడుపు రాలేదు. పైగా నవ్వొచ్చింది. మా అమ్మ కనబడకుండా నన్ను గట్టిగా గిల్లింది.

ఇదంతా ముందే ఎందుకు చెప్తున్నానంటే, మలంచా రోడ్డు పక్కన ఒక వృద్ధాశ్రమంలో మా ఇద్దరికీ కలిపి ఇస్తామన్న గదిని ఈ పిలుపు పుణ్యమా అని ఇవ్వనన్నారు. ఆయన్ని కింద మగవాళ్ళ హాల్లోనూ నన్ను పైన ఆడవాళ్ళ హాల్లోనూ పడేశారు. నేను ఊరుకునే మనిషిని కాదని మా కాలనీ అంతా ఎరుగును. ఆశ్రమం వాళ్ళకే తెలియదు.

ఇంకో మాట కూడా ముందే తేల్చేస్తాను. మమ్మల్ని ఎవరూ తెచ్చి ఇక్కడ పారెయ్యలేదు. వృద్ధాశ్రమం అనగానే నాలుక చప్పరించి 'అయ్యో పాపం' అనేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. మాకు పిల్లల్లేరు. లేరని నేను ఏడుస్తూ కూర్చోలేదు కూడా. తెలుగు బడిలో ఒకటో తరగతి పిల్లలకి అక్షరాలు దిద్దబెట్టి బతికినదాన్ని, పిల్లల గోల నాకు సరిపడా దొరికింది. ఆయన వర్క్‌షాపులో పని చేసి రిటైరయ్యాడు. ఆ తర్వాత సుభాష్‌పల్లిలో అద్దె ఇంట్లో హాయిగానే ఉన్నాం. ఒకరోజు పొద్దున్న పళ్ళు తోముకుంటూ ఆయన కుడిపక్కకి ఒరిగిపోయాడు. పక్షవాతం. ఆస్పత్రి నుంచి ప్రాణంతో తెచ్చుకున్నాను గానీ, ఆ మనిషిని మంచం మీంచి లేపి కుర్చీలో కూర్చోబెట్టడానికి నా మోకాళ్ళు ఒప్పుకోలేదు. ఇద్దరం కలిసి నేల మీద పడ్డ రోజు నేనే నిర్ణయం తీసుకున్నాను. టోటో, అంటే బ్యాటరీ ఆటో, కట్టించుకుని నేనే ఆశ్రమాలన్నీ తిరిగాను. గుమ్మంలో చక్రాల కుర్చీ పడుతుందా, స్నానాల గదిలో పట్టుకోడానికి కడ్డీ ఉందా అని చూసి మరీ ఈ ఆశ్రమాన్ని ఎంచుకున్నాను.

ముఖ్యంగా ఎంచుకున్నది ఇక్కడి చివరి గదిని. కింద అంతస్తులోనే, రెండు మంచాలు పట్టే గది. ఆశ్రమాన్ని నడిపే బెంగాలీ ఆవిడని అందరూ బడదీదీ అంటారు, అంటే పెద్దక్క. నాకంటే చాలా చిన్నదే అయినా నేనూ అలాగే అన్నాను. "ఈ గది భార్యాభర్తలకే ఇస్తాం మాషీమా. ఇంకే చుట్టరికమైనా ఆడవాళ్ళు పైన, మగవాళ్ళు కింద. అది మా నియమం" అందావిడ. మాషీమా అంటే పిన్నిగారు. మంచి నియమమే అన్నాను. అప్పుడామె మేము రాబోయే రోజు కూడా ఖాయం చేసింది.

నాకు ఆ గది సరదా కోసం అక్కర్లేదు. జబ్బు చేశాక ఆయన నోట మాట కొంచెం కొంచెంగా తిరిగొచ్చింది గానీ, వచ్చింది తెలుగు ఒక్కటే. వర్క్‌షాపులో బెంగాలీ వాళ్ళతో బెంగాలీలో, బీహారీ వాళ్ళతో హిందీలో గంటల తరబడి వాదించిన మనిషికి ఆ రెండు భాషలూ తుడిచిపెట్టుకు పోయాయి. మిగిలింది చిన్నప్పుడు మా అమ్మమ్మ నేర్పిన భాష. అదీ ముక్కలు ముక్కలుగా. ఆశ్రమంలో ఆ ముక్కలు తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే. నేను పక్కన లేకపోతే ఆయనకి నోరున్నా లేనట్టే.

మేము వెళ్ళిన రోజు బడదీదీ గేటు దగ్గరికి ఎదురొచ్చింది. చీరకొంగుకి కట్టుకున్న తాళాల గుత్తిలోంచి మా గది తాళం విడదీసి పట్టుకుంది. ఒక ఆయా, నేనూ కలిసి ఆయన్ని టోటోలోంచి దించుతున్నాం.

"కాలెత్తు మావా. అదీ. ఇప్పుడు రెండోది. నన్నట్టుకో మావా, పడిపోవులే" అంటున్నాను నేను.

బడదీదీ నవ్వుతూ అడిగింది. "మామా? ఉని ఆప్నార్ మామా?"

ఆయన మీ మామా అని అడిగిందన్నమాట. బెంగాలీలో మామా అంటే తల్లికి అన్నో తమ్ముడో, అంతే. ఇంకో అర్థం లేదు. నేను ఆయన చంక కింద చెయ్యేసి ఆపసోపాలు పడుతున్నాను. అడిగినదానికి అడిగినట్టు జవాబు చెప్పడం నా అలవాటు. "హ్యా, మామా. మాయేర్ ఛోటో భాయ్" అన్నాను. మా అమ్మ తమ్ముడే కదా మరి. అందులో అబద్ధమేముంది?

ఆమె నవ్వు ఆగిపోయింది. తాళం మళ్ళీ గుత్తిలో చేరింది, గుత్తి భుజం వెనక్కి పోయింది. నేను చూశాను గానీ నాకు వెలగలేదు. ఆయన్ని కింద హాల్లో ఒక మంచం మీద పడుకోబెట్టారు. గది కడుగుతున్నారేమో, కాసేపటికి మారుస్తారేమో అనుకున్నాను. ఇంతలో నా పెట్టె మెట్లెక్కి పైకి పోతోంది.

ఆఫీసు గదిలోకి వెళ్ళి అడిగాను. "మీరు నాతో అబద్ధమాడారు మాషీమా. భార్యాభర్తలమన్నారు. ఆయన మీ మామ అని ఇందాక మీ నోటితో మీరే చెప్పారు" అంది బడదీదీ.

"మామే. మొగుడు కూడా."

అర్థం కాలేదు ఆవిడకి. విడమరిచి చెప్పాను. మాలో మేనమామని చేసుకుంటాం, పెద్దవాళ్ళే కూర్చుని చేస్తారు, మా అత్తగారు మా అమ్మమ్మే అని కూడా చెప్పాను. చెప్పేకొద్దీ మొహం ఇంకా బిగిసింది. "ఛి ఛి, మాషీమా!" అంది చివరికి. నేను అబద్ధమాడానని అనుకున్నంతసేపు కాస్త మర్యాదగానే చూసింది, నిజం తెలిశాక కుర్చీ వెనక్కి జరుపుకుంది.

"పెన్షన్ కాగితంలో నేను ఆయన భార్యనని ఉంది. రైల్వేకి లేని అభ్యంతరం మీకేంటి?" అన్నాను.

"కాగితం సంగతి కాదు. ఇక్కడ పెద్ద పెద్ద కుటుంబాల వాళ్ళున్నారు. ఆదివారం వాళ్ళ బంధువులొస్తారు. ఆ గదిలో మామా, మేనకోడలూ కాపురముంటున్నారని తెలిస్తే నేనేం చెప్పుకోవాలి?"

"మేమూ చిన్న కుటుంబం వాళ్ళం కాదు. ఒకే కుటుంబం వాళ్ళం, అంతే."

ఆవిడకి నవ్వు రాలేదు. ఇష్టం లేకపోతే వెళ్ళిపోవచ్చంది. అద్దె ఇల్లు ఖాళీ చేసి, మంచాలూ గిన్నెలూ పంచేసి వచ్చాం. ఎక్కడికి వెళ్తాం? అది తెలిసే అందని నాకు బాగా మండింది. మా పెళ్ళికి ఊరంతా వచ్చి భోంచేసి వెళ్ళింది. జీవితమంతా కలిసి బతికాం. ముసలితనంలో, ఒకరు కదల్లేకపోతే ఇంకొకరు మోకాళ్ళు పట్టుకు నడుస్తున్న వయసులో, ఇప్పుడొచ్చి మా పెళ్ళి తప్పంటారా! నేను సిగ్గుపడాలని ఆవిడ ఎదురు చూసింది. నాకు సిగ్గు రాలేదు. ఎందుకొస్తుంది?

ఆడవాళ్ళు కిందకి రావడానికి సాయంత్రం టీ వేళ మాత్రం అనుమతి. వెళ్ళిన మొదటిసారే ఆయన మంచం మీద నీలం రంగు దుప్పటి, నీలం చొక్కా, నీలం తువ్వాలూ పోగేసి ఉన్నాయి. ఇవేంటని ఆయాని అడిగితే, "దాదు పొద్దుటి నుంచీ నీల్, నీల్ అంటున్నాడు. ఏది ఇచ్చినా తోసేస్తున్నాడు" అని విసుక్కుంది. దాదు అంటే తాత. ఆయన పెదాలు ఎండి పొలుసులు లేచి ఉన్నాయి. నీల్లు అడుగుతున్నాడు మహాప్రభో! బెంగాలీలో నీల్ అంటే నీలం రంగు. గ్లాసుడు మంచినీళ్ళు పట్టిస్తే గటగటా తాగి నా వైపు చూశాడు. "ఏటీ ఊరు?" అన్నాడు. ఎవరికీ మాట తెలియని ఏ ఊరికో తెచ్చేశాననుకున్నాడు పాపం. "మనూరే మావా. మలంచాయే" అన్నాను.

బడదీదీకి వెళ్ళి చెప్పాను. బెంగాలీలో జోల్‌ని తెలుగులో నీళ్ళంటారని ఆయాలకి నేర్పిస్తానంది. నేర్పినట్టే ఉంది. కానీ మనిషికి కావాల్సింది నీళ్ళొక్కటేనా?

ఆ వారంలోనే చలి ముదిరింది. ఖరగ్‌పూర్ చలికాలం పగలు కూడా ఎముకల్లోకి దిగుతుంది. ఒకరోజు భోజనాలయ్యాక కింద హాల్లో కేకలు వినిపించాయి. ఆయన గొంతు గుర్తుపట్టి, టీ వేళ కాకపోయినా మెట్లు దిగిపోయాను. ఆయనకి అప్పుడే స్నానం చేయించినట్టున్నారు. తడి తలతో, పల్చటి బనీనుతో వణికిపోతున్నాడు. నేల ఆరడానికని పైన ఫ్యాను తిరుగుతోంది. దుప్పటి కాళ్ళ దగ్గర మడత పెట్టి ఉంది. అందుకోలేడు. ఆయా గుమ్మం దగ్గర మొహం మాడ్చుకుని నిలబడి ఉంది.

"నేను ముట్టుకోను. దాదు గాలి దిచ్ఛే" అంది. గాలి అంటే బెంగాలీలో తిట్టు. "అన్నం పెట్టి, స్నానం చేయిస్తే నన్ను శాలీ శాలీ అని తిడతాడా?"

ఆయన పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. "సలి" అన్నాడు నన్ను చూసి. "సలే... సలి."

మా వైపు చలిని సలి అంటాం. చెప్పడం సెప్పడమవుతుంది, చేను సేనవుతుంది. ఇక్కడేమో శాలీ అంటే పెళ్ళాం చెల్లెలు. కోపంగా అంటే నడివీధి బూతు. చలేస్తోంది దుప్పటి కప్పమని ఆ మనిషి ఎంత గట్టిగా మొర పెట్టుకుంటే, ఆ పిల్లకి అంత గట్టిగా తిట్టు వినబడింది. ఆ పిల్లనేమీ అనలేను. నేనైనా అలాగే అలిగేదాన్ని. ఫ్యాను ఆపి, దుప్పటి కప్పి, నా శాలువా తీసి ఆయన తలకి చుట్టాను. ఆయాకి అసలు అర్థం చెప్పాను. ఆ పిల్ల నోరు నొక్కుకుని, వచ్చి ఆయన కాళ్ళు రెండు చేతులతో రుద్దింది.

నేను మాత్రం ఇక పైకి వెళ్ళలేదు. ఆయన మంచం మీదే, కాళ్ళ దగ్గర బాసింపట్టు వేసుకు కూర్చున్నాను. హాల్లో మిగతా మంచాల మీద ముసలి మగవాళ్ళు. ఒకాయన మొహం గోడకి తిప్పుకున్నాడు. ఒకాయన మంకీ టోపీ సర్దుకుని, మర్యాద కోసం కాబోలు, పేపరు అడ్డం పెట్టుకున్నాడు. ఇద్దరు ఆయాలు వచ్చి బతిమాలారు. లేవనన్నాను. టీ తెచ్చారు. తాగాను, లేవలేదు. ఆఖరికి బడదీదీ వచ్చింది.

"ఇది మగవాళ్ళ హాలు మాషీమా."

"ఔను. నా మగవాడు ఇక్కడున్నాడు."

"మీరిలా చేస్తే ఎలా?"

"ఈ మనిషి చలికి వణుకుతూ దుప్పటి అడిగితే మీ వాళ్ళకి బూతు వినబడింది. రేపు గుండె నొప్పి వస్తే ఏం వినబడుతుంది? నేను పక్కనుంటే చెప్తాను. ఉండనిస్తే ఆ గదిలో ఉంటాను, లేకపోతే ఇక్కడే ఉంటాను. ఈ మంచం మీదే."

ఆవిడ ఆయన వైపు చూసింది. మంచి మనిషి కాదని నేననను. వణికిపోయిన ఆ మొహం చూసి కదిలిందనే అనుకుంటాను. కొంగు ముందుకి తెచ్చి తాళం తీసింది. తీసి, అందరికీ వినబడకుండా నా దగ్గరికి వంగింది. "గది ఇస్తాను. కానీ ఆ మాట అనకండి. మామా అని. ఇంకేదైనా అనండి. మా ఇళ్ళలో ఓగో అంటాం, శున్‌ఛో అంటాం, మీలో అలాంటిది ఏదో ఉంటుంది కదా. ఆదివారం జనం వస్తారు. వాళ్ళకి తెలియాల్సిన పని లేదు."

నాకు తల కొట్టేసినట్టయింది. కానీ ఆయన చెయ్యి ఇంకా చల్లగానే ఉంది. ముందు గది రానీ అనుకున్నాను. "ఠీక్ హై" అని తాళం అందుకున్నాను.

గదిలో చేరిపోయాం. రెండు మంచాలూ దగ్గరికి జరిపించాను. అడగ్గానే నీళ్ళు, అడగ్గానే దుప్పటి. ఆయన మొహం తేరుకోవాల్సింది. తేరుకోలేదు. నేను మావా అనడం మానేశాను మరి. గది తలుపు తీసే ఉంచాలి, ఎవరో ఒకరు వరండాలో తిరుగుతూనే ఉంటారు. అందుకని లోపల కూడా అనలేదు. మొదటిసారి 'ఏవండీ' అని పిలిస్తే, ఆయన మెడ తిప్పి గుమ్మం వైపు చూశాడు, నేను ఇంకెవర్నో పిలుస్తున్నాననుకుని. తర్వాత తర్వాత అసలేమీ పిలవకుండా, చెయ్యి తట్టి అన్నం పెట్టాను. రెండు ముద్దలు తిని పెదాలు బిగించేసేవాడు. జబ్బు మళ్ళీ తిరగబెడుతోందేమో, డాక్టరుకి చూపించాలి అనుకున్నాను.

ఆదివారం వచ్చింది. వరండా నిండా జనం. సందేశ్ మిఠాయి డబ్బాలు, కమలాపళ్ళు, పిల్లల పరుగులు. బడదీదీ ఇస్త్రీ చీర కట్టుకుని అందరినీ పలకరిస్తోంది. ఆయన్ని చక్రాల కుర్చీలో ఎండలో కూర్చోబెట్టాను. పక్క గది వాళ్ళ కోడలు ఆకులో పెట్టి రెండు సందేశ్‌లు ఇచ్చింది. ఒకటి విరిచి ఆయన నోటి దగ్గర పెట్టాను. మొహం పక్కకి తిప్పుకున్నాడు.

"తినండి" అన్నాను.

ఆయన ఎడంచేత్తో నా చీర కుచ్చిళ్ళు పట్టుకున్నాడు. మాట కూడదీసుకోడానికి చాలాసేపు పట్టింది. నోటి పక్కనుంచి చొంగ కారుతుంటే తుడవబోయాను, తుడవనివ్వలేదు.

"నా మీద... కోపవేటి?" అన్నాడు. "నానేటి... సేసినాను?"

అప్పుడు వెలిగింది నాకు. మా ఇద్దరికీ దెబ్బలాట వచ్చినప్పుడల్లా నేను చేసేది ఒక్కటే, మావా అనడం మానేసేదాన్ని. గోడకి చెప్పినట్టు 'కూడొడ్డించినాను, తినీవోలు తినొచ్చు' అనేదాన్ని. ఆయన వచ్చి బతిమాలి, మళ్ళీ మావా అనిపించుకుంటే గానీ నిద్రపోయేవాడు కాదు. ఇప్పుడు కదల్లేని మనిషి, తన మాట తెలిసిన ఒకే ఒక్క ప్రాణి అలిగి కూర్చుందనుకుని, తానేం తప్పు చేశాడో తెలియక ఇన్ని రోజులూ అన్నం మింగలేకపోయాడు. జబ్బు కాదు, డాక్టరు కాదు. నేనే.

నాకు ఏడుపొచ్చింది. ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది.

"నీ మీద కాదు మావా!" అన్నాను. అనలేదు, అరిచాను. "నీ మీద కాదు! నువ్వేటీ సెయ్యలేదు మావా!"

బడదీదీ అవతల చివర నుంచి కళ్ళతోనే వద్దంటోంది. నేను అందరి వైపు తిరిగి బెంగాలీలోనే చెప్పాను, ఒకటో తరగతి పిల్లలకి వెనక బెంచీ దాకా వినబడేలా చెప్పే గొంతుతో. "ఈయన మా అమ్మ తమ్ముడు. నా మొగుడు. రెండూ నిజమే. మాలో అది తప్పు కాదు. మేమిద్దరం ఆ చివరి గదిలో ఉంటాం. ఎవరికైనా కష్టంగా ఉంటే బడదీదీని అడగొద్దు, నన్నడగండి. నేను చెప్తాను." తర్వాత బొడ్లోంచి తాళం తీసి ఆవిడ వైపు చాచాను. "కావాలంటే తీసుకోండి. గది లేకపోతే మానె. పిలుపు మాత్రం మానను."

ఆవిడ నడిచొచ్చింది. అందరూ చూస్తున్నారు. సందేశ్ ఇచ్చిన కోడలు నా వైపు చూసి, ఆయన వైపు చూసి, కుర్చీ కొంచెం దగ్గరికి లాక్కుని కూర్చుంది. బడదీదీ చాచిన నా చేతిని వేళ్ళు ముడిచి మూసేసి, టీలు చూడ్డానికి లోపలికి వెళ్ళిపోయింది. తాళం ఇప్పటికీ నా దగ్గరే ఉంది. ఆవిడ అడగలేదు. అడిగినా మళ్ళీ ఇస్తానో లేదో చెప్పలేను.

నా వెనక కుచ్చిళ్ళు లాగుతున్నట్టయింది. తిరిగి చూశాను. ఆకులోని సందేశ్ వైపు చూస్తున్నాడు.

"అలగైతే పెట్టు" అని నోరు తెరిచాడు.